మెడలో కృత్రిమ డిస్కు: ఊరు కదలకముందు చేయాల్సినవి, తిరిగొచ్చాక చూసుకోవాల్సినవి

మహారాష్ట్రలో రాజురా, బల్లార్షా, అహేరి, సిరొంచ వైపు ఉండే మన తెలుగువాళ్లకు మెడ ఆపరేషన్ అంటే ఊరు దాటి పోవాల్సిన పనే. చంద్రపూర్ నుంచి నాగ్‌పూర్ దాదాపు 150 కిలోమీటర్లు. లేదంటే బల్లార్షాలో రైలెక్కి హైదరాబాద్. అక్కడి సర్జన్ ఎంత మంచివారైనా మన బోరు నీళ్ల సంగతి, మన ఖర్రా (వక్క, పొగాకు కలిపి నమిలేది) అలవాటు, డిశ్చార్జ్ అయ్యాక మనం పోయి పడుకునే ఊరు ఎంత దూరమో మనం చెబితేనే ఆయనకు తెలుస్తాయి. కృత్రిమ డిస్కు పెట్టించుకున్నాక వచ్చే ఇబ్బందుల్లో కొన్నింటిని సర్జన్ చెయ్యి మాత్రమే ఆపగలదు. మిగతావాటిని ఆపడంలో మీకూ, మీ ఇంట్లోవాళ్లకూ పెద్ద పాత్రే ఉంది. ఇక్కడ చెప్పేది ఆ పాత్ర గురించి.

మొదట తేల్చుకోవాల్సింది: ఆపరేషన్ కావాలా, అందులో డిస్కే కావాలా

మెడ ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్కు జారి నరాన్ని నొక్కితే భుజం నుంచి వేళ్ల దాకా నొప్పి, తిమ్మిరి దిగుతాయి. అది నిద్ర పట్టనివ్వని నొప్పే, కాదనను. కానీ చాలామందికి మందులతో, ఫిజియోథెరపీతో, బరువులు మానేయడంతో కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుంది. అందుకే ముంచుకొచ్చే ప్రమాదం లేకపోతే కనీసం ఆరు వారాలు అలా చూశాకే ఆపరేషన్ మాట ఎత్తుతారు. చేతిలోకి దిగే లక్షణం ఏదీ లేకుండా, వట్టి మెడనొప్పికే డిస్కు మార్చాలని ఎవరైనా అంటే ఇంకో సర్జన్‌కి కూడా చూపించుకోండి.

ఆగకూడని లక్షణాలు వేరు. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, చేతిలోంచి గ్లాసు జారిపోవడం, నడుస్తుంటే కాళ్లు తడబడటం, మూత్రం మీద అదుపు తప్పడం, చెయ్యి రోజురోజుకీ బలహీనపడటం. వెన్నుపాము నొక్కుకుపోతున్నప్పుడు ఇలా జరుగుతుంది. పత్తి ఏరడం అయిపోనీ, పెళ్లి అయిపోనీ అని వాయిదా వేయకండి. పోయిన బలం అంతా ఆపరేషన్‌తో తిరిగి వస్తుందన్న హామీ ఉండదు.

ఆపరేషన్ తప్పదంటే రెండు దారులున్నాయి. ఫ్యూజన్‌లో పాడైన డిస్కు తీసేసి పై ఎముక, కింది ఎముక ఒకటిగా అతుక్కునేలా చేస్తారు. రెండో పద్ధతిలో ఆ చోట కృత్రిమ డిస్కు పెడతారు. కదలిక మిగులుతుంది, పైనా కిందా ఉన్న డిస్కుల మీద భారం తగ్గుతుందన్నది దాని ఉద్దేశం. అమెరికాలో మెడకు మొదటి కృత్రిమ డిస్కుకు ప్రభుత్వ అనుమతి వచ్చింది 2007లో, పక్కపక్కనే రెండు చోట్ల పెట్టడానికి అనుమతి వచ్చింది 2013లో. అక్కడి అనుమతులన్నీ సీ3 నుంచి సీ7 ఎముకల మధ్య (మెడలోని ఏడు ఎముకలను పైనుంచి సీ1, సీ2 అని లెక్కపెడతారు) ఒకటి లేదా రెండు చోట్లకే. మీకు మూడు చోట్ల పెడతామంటే కారణం అడగండి, రెండో అభిప్రాయం తీసుకోండి. ఫ్యూజన్ పాత పద్ధతి కాబట్టి తక్కువరకం అనుకోవద్దు. సరిపడని మెడలో డిస్కు పెట్టించుకుని మళ్లీ కోయించుకోవడం కంటే మొదటే ఫ్యూజన్ చేయించుకోవడం ఎంతో మేలు.

డిస్కు ఎవరికి సరిపడదు? ఎముకలు గుల్లబారినవారికి, మెడ ఎముకలు ఒకదాని మీద ఒకటి జారుతున్నవారికి, డిస్కు బాగా అణిగిపోయి ఆ చోట ఇప్పటికే కదలిక లేనివారికి, మెడ వెనక వైపు చిన్న కీళ్లు అరిగిపోయినవారికి, ఒంట్లో ఎక్కడైనా ఇన్ఫెక్షన్ ఉన్నవారికి, ఇంప్లాంటు లోహం పడనివారికి. గిల్టు నగలు పెట్టుకుంటే, చవక గడియారం కట్టుకుంటే చర్మం దురద పెట్టి పొక్కుతుందా? ఆ చిన్న విషయం కూడా చెప్పండి. కొన్ని డిస్కులు టైటానియంతో, కొన్ని కోబాల్ట్ క్రోమియంతో చేస్తారు. కోబాల్ట్ క్రోమియంలో కొద్దిగా నికెల్ కూడా ఉండవచ్చు.

ఇవన్నీ తేలాలంటే ఎంఆర్ఐ ఒక్కటే చాలదు. మెడ ముందుకు వంచి, వెనక్కి వాల్చి తీసే ఎక్స్‌రేలలో కదలిక తెలుస్తుంది. సీటీ స్కాన్‌లో ఎముక తెలుస్తుంది. సీటీ విషయంలో మన ప్రాంతంవాళ్లు కొంచెం పట్టుబట్టి అడగాలి. ఎందుకంటే మన నీళ్లు.

బోరు నీళ్ల సంగతి ముందే చెప్పండి

చంద్రపూర్, యవత్మాల్, నాందేడ్ జిల్లాల్లో చాలా ఊళ్ల భూగర్భ జలంలో ఫ్లోరైడు ఎక్కువ. తాగేనీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకని చోట కూడా 1.5 మించకూడదని మన దేశ ప్రమాణం. ఏళ్ల తరబడి అంతకంటే ఎక్కువ ఉన్న నీళ్లు తాగితే పళ్ల మీద గోధుమరంగు చారలు పడటంతో ఆగదు. వెన్నెముకను పట్టి ఉంచే లిగమెంట్లు ఎముకలా గట్టిపడతాయి. వెన్నుపాముకు సరిగ్గా ముందు నిలువుగా ఒక లిగమెంటు ఉంటుంది. అది అలా గట్టిపడటాన్ని డాక్టర్లు ఓపీఎల్ఎల్ అంటారు. అది ఉన్న మెడలో సాధారణంగా కృత్రిమ డిస్కు పెట్టరు. ఎంఆర్ఐలో అది సరిగా తేలకపోవచ్చు, సీటీలో స్పష్టంగా కనిపిస్తుంది. కాబట్టి "సార్, మాది ఫ్లోరైడు నీళ్ల ఊరు, సీటీలో లిగమెంటు గట్టిపడిందేమో చూశారా?" అని నేరుగా అడగండి.

దీనిలోనే ఇంకో చిక్కుంది. ఎముక బలం చూడటానికి డెక్సా పరీక్ష చేస్తారు. టీ స్కోరు మైనస్ 2.5 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే ఎముక గుల్లబారినట్టు లెక్క. కానీ ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడు వల్ల వచ్చే జబ్బు, ఉన్నవారి ఎముక ఈ పరీక్షలో దట్టంగా కనబడుతూనే నిజానికి పెళుసుగా ఉండవచ్చు. అంకె బాగుంది కదా అని ఎవరూ నిశ్చింతగా ఉండకూడదు. పెళుసు ఎముకలో పెట్టిన డిస్కు కిందికి కుంగిపోవచ్చు, పక్కకు జరగవచ్చు. ఫ్లోరైడు నీళ్లకు పేరుపడ్డ నల్గొండ వైపు పుట్టి పెరిగి గనుల పనికి ఇటు వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటివారు చిన్నప్పటి ఊరి నీళ్ల గురించి కూడా చెప్పాలి.

ఖర్రా నమిలేవారు నోరు తెరిచి చూసుకోండి

బీడీ, సిగరెట్ గురించి డాక్టర్లు తప్పకుండా అడుగుతారు. ఖర్రా గురించి అడగకపోవచ్చు, అడిగినా మనవాళ్లు "లేదు సార్" అనేస్తారు. దయచేసి అలా అనకండి. పొగాకు ఏ రూపంలో ఉన్నా నికోటిన్ రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. పుండు మానడం ఆలస్యమవుతుంది, ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది, డిస్కు అంచుల్లోకి ఎముక పట్టుకోవడం దెబ్బతింటుంది. ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు అన్నీ మానేయాలి. అయ్యాక కూడా నెలల తరబడి ముట్టుకోకూడదు.

అంతకంటే పెద్ద ప్రమాదం మత్తు ఇచ్చేటప్పుడు. వక్కతో కలిపి పొగాకు నమిలేవారికి బుగ్గల లోపలి చర్మం బిగుసుకుపోయి నోరు తెరుచుకోకుండా అవుతుంది. మెడ ఆపరేషన్‌లో నోట్లోంచి శ్వాసగొట్టం వేయాలి. వెన్నుపాము ఇప్పటికే నొక్కుకుని ఉన్న మెడను ఎక్కువగా వెనక్కి వంచకూడదు. నోరూ తెరుచుకోక, మెడా వంచలేక గొట్టం వేయడం చాలా కష్టం. మీ మూడు వేళ్లు నిలువుగా కలిపి నోట్లో పెట్టుకోండి. పట్టకపోతే, కారం తగిలితే బుగ్గలు మండుతుంటే, ఆ మాట సర్జన్‌కి మాత్రమే కాదు, మత్తు డాక్టరుకు చెప్పండి. ముందే తెలిస్తే సన్నని కెమెరా గొట్టంతో, సిద్ధమై, నెమ్మదిగా చేస్తారు. టేబుల్ మీద తెలిస్తే అది అందరికీ టెన్షన్, మీ ప్రాణానికి ప్రమాదం.

సికిల్ సెల్ పరీక్ష చేయించారా

సికిల్ సెల్ అంటే పుట్టుకతో వచ్చే రక్తజబ్బు. గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల్లో ఇది ఎక్కువ. గోండు, మాడియా కుటుంబాల్లోనే కాదు, మిగతా కొన్ని సముదాయాల్లోనూ ఉంది. ఆపరేషన్ సమయంలో ఆక్సిజన్ తగ్గినా, ఒళ్లు చల్లబడినా, ఒంట్లో నీరు తగ్గినా సికిల్ సెల్ జబ్బున్నవారికి రక్తకణాలు కొడవలిలా వంగి నాళాలకు అడ్డుపడతాయి. ముందే తెలిస్తే మత్తు డాక్టరు దానికి తగ్గట్టు ఏర్పాట్లు చేసుకుంటారు. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద పరీక్షించి కార్డు ఇస్తున్నారు. కార్డు ఉంటే ఫైల్లో పెట్టండి. లేకపోతే దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రిలో అడిగి చేయించుకోండి.

షుగరు ఉన్నవారు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆపరేషన్‌కు ముందు మూడు నెలల షుగరు సగటు, అంటే హెచ్‌బీఏ1సీ, చూస్తారు. హెచ్‌బీఏ1సీ ఎక్కువుంటే ఇన్ఫెక్షన్ భయంతో వాయిదా వేస్తారు, అది మంచిదే. కానీ సికిల్ సెల్ ఉన్నవారిలో ఎర్ర కణాలు త్వరగా చచ్చిపోతాయి కాబట్టి ఈ పరీక్ష తప్పు అంకె చూపించవచ్చు. రెండూ ఉన్నవారు ఆ మాట చెబితే వేరే పరీక్షతో చూస్తారు.

మందుల సంచీ మొత్తం పట్టుకెళ్లండి

ఇంట్లో వాడే ప్రతి మందూ, ఆయుర్వేదం పొట్లాలతో సహా, ఒక సంచీలో వేసుకుని వెళ్లండి. పేర్లు చెప్పడం కంటే చూపించడం నయం.

గుండెకు స్టెంట్ వేసినవారు, పక్షవాతం వచ్చినవారు రక్తం పలచబడే మందులు వాడతారు. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి మామూలుగా ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపిస్తారు. ఎప్పుడు ఆపాలి, అసలు ఆపవచ్చా అన్నది గుండె డాక్టరు, సర్జన్ కలిసి చెప్పాలి. సొంతంగా ఆపితే గుండెకు ప్రమాదం, ఆపకుండా పోతే మెడలో రక్తస్రావానికి దారి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మాత్రలు కనీసం మూడు రోజుల ముందు ఆపాల్సి ఉంటుంది. వెల్లుల్లి మాత్రలు, చేపనూనె గోళీలు కూడా రక్తం కారడాన్ని పెంచవచ్చు కాబట్టి అవీ చూపించండి.

నొప్పులకని ఊళ్లో తీసుకునే పేరులేని పొడులు, ఆర్‌ఎంపీ వేసే ఇంజెక్షన్ల గురించి తప్పక చెప్పండి. వాటిలో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి వాడితే ఎముక బలహీనపడుతుంది, గాయానికి ఇన్ఫెక్షన్ తగులుతుంది, ఆపరేషన్ సమయంలో బీపీ పడిపోవచ్చు. ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే. అందుకే డాక్టరుకు తెలియాలి. ఆయన తిడతారని దాచకండి.

పుచ్చిన పన్ను, సెగగడ్డ, మూత్రంలో మంట లాంటివి ఉంటే ముందు వాటిని నయం చేయించుకోండి. ముందు రోజు క్షౌరశాలకు వెళ్లి మెడ, గడ్డం గీయించుకోకండి. బ్లేడు గీతల్లోంచే సూక్ష్మజీవులు దూరతాయి. అవసరమైతే ఆస్పత్రిలో క్లిప్పర్‌తో తీస్తారు. మెడకు పసుపు, నూనె రాసుకోకుండా వాళ్లిచ్చిన సబ్బుతో స్నానం చేయండి. తాళి, గొలుసు తీయాల్సి వస్తుందని ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పి ఒప్పించుకుంటే ఆ పొద్దున గొడవ ఉండదు.

ఇదంతా నోటితో చెప్పడం కష్టం. నాగ్‌పూర్‌లో మరాఠీ, హిందీ. మనకు వచ్చిన హిందీలో సగం సంగతులు జారిపోతాయి. చదువుకున్న పిల్లల చేత ఒకే కాగితం మీద హిందీలోనో ఇంగ్లిష్‌లోనో రాయించండి: ఫ్లోరైడు నీళ్లు, ఖర్రా ఎన్నేళ్లు, సికిల్ సెల్, మందులు, పడని మందులు, ఇంతకుముందు జరిగిన ఆపరేషన్లు. థైరాయిడ్ ఆపరేషన్ అయి ఉన్నా, గొంతు ముందే బొంగురుగా ఉన్నా పైన పెద్దగా రాయించండి. ఒక వైపు స్వరతంతువు ఇప్పటికే దెబ్బతిని ఉండి రెండో వైపు కూడా దెబ్బతింటే ఊపిరికే ఇబ్బంది. ముందు కెమెరాతో గొంతు చూసి, ఏ వైపు నుంచి కోయాలో నిర్ణయిస్తారు. ఆ కాగితం ఒకటి సర్జన్‌కు, ఒకటి మత్తు డాక్టరుకు, ఒకటి మీ దగ్గర.

సంతకం పెట్టే ముందు

మెడలో కృత్రిమ డిస్కులు ఎన్ని పెట్టారో సర్జన్‌ను అడగడం మర్యాద తప్పినట్టు కాదు, మంచి సర్జన్ నొచ్చుకోరు. ఏ ఎముకల మధ్య పెడుతున్నారు, కోసిన తర్వాత ఎక్స్‌రే మెషీన్‌తో ఆ చోటు సరిచూసుకుంటారా, నరాల పనితీరు కనిపెట్టే యంత్రం వాడతారా అని అడగండి. మెడ పొట్టిగా, భుజాలు బలంగా ఉన్నవారికి సీ6, సీ7 మధ్య ఎక్స్‌రేలో సరిగా కనబడదు. అలాంటివారికి ఈ ప్రశ్న మరీ ముఖ్యం. లోపలికి వెళ్లాక డిస్కు సరిపడదని తేలితే ఏం చేస్తారో కూడా ముందే మాట్లాడుకోండి. అప్పుడు ఫ్యూజన్ చేస్తామంటే ఒప్పుకుంటున్నట్టు రాసి ఉండాలి. కాగితం మీకు రాని భాషలో ఉంటే చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టండి.

డబ్బు సంగతికొస్తే, ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉన్నా ఇంప్లాంటు ఖర్చు అందులోకి వస్తుందో రాదో ఆస్పత్రి కౌంటర్‌లో రాయించుకోండి.

ఆపరేషన్ అయిన మొదటి రోజులు

ఈ ఆపరేషన్ మెడ ముందు వైపు నుంచి, ఊపిరిగొట్టాన్ని, అన్నవాహికను పక్కకు జరిపి చేస్తారు. అందుకే మింగుతుంటే నొప్పి, గొంతు బొంగురు చాలామందికి ఉంటాయి. ఎక్కువగా కొన్ని వారాల్లో తగ్గుతాయి. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోండి. నిటారుగా కూర్చుని గంజి, జావ, మెత్తటి పప్పన్నం, పెరుగు కొంచెం కొంచెంగా తినండి. ఎండు జొన్న రొట్టె కొన్నాళ్లు వద్దు. నీళ్లు తాగిన ప్రతిసారీ పొలమారుతుంటే చెప్పండి, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్తగా కనిపెట్టాల్సింది మెడలో రక్తం గడ్డకట్టడాన్ని. ఇది అరుదు, కానీ నిమిషాల మీద ప్రాణం తీస్తుంది. ఎక్కువగా మొదటి 24 గంటల్లో, అప్పుడప్పుడు కొన్ని రోజుల తర్వాత కూడా వస్తుంది. మెడ ఉబ్బుతూ బిగుసుకుపోవడం, గొంతు మారిపోవడం, ఉమ్మి మింగలేక కారిపోవడం, పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చోవడం దీని గుర్తులు. ఆస్పత్రిలో ఉంటే వెంటనే నర్సును కేకేయండి, నిద్రపోతోందేమో అని మొహమాటపడకండి. అవసరమైతే మంచం మీదే కుట్లు విప్పి రక్తం బయటకు తీస్తారు. పక్కన కూర్చునే మనిషి రాత్రంతా మెలకువగా ఉండాలి, ఈ గుర్తులన్నీ ఆ మనిషికి తెలిసి ఉండాలి.

ఇక్కడే మన దూరం లెక్కలోకి వస్తుంది. సిరొంచ నుంచి గడ్చిరోలి జిల్లా కేంద్రానికే దాదాపు 200 కిలోమీటర్ల అడవి దారి. వానాకాలంలో వాగులు పొంగితే అదీ ఉండదు. ఆస్పత్రివాళ్లు రెండో రోజే పంపిస్తామన్నా, దగ్గర్లో లాడ్జిలోనో బంధువుల ఇంట్లోనో వారం రోజులు ఉండి, మళ్లీ చూపించుకుని బయల్దేరడం మంచిదని నా గట్టి అభిప్రాయం. ఖర్చవుతుంది, నిజమే. మీ ఊరి దూరం చెప్పి ఎన్ని రోజులు ఉండాలో సర్జన్‌నే అడగండి. వీలైతే వానలు వెళ్లాక ఆపరేషన్ పెట్టించుకోండి. తిరుగు ప్రయాణం రైల్లోనో కారులోనో, బండి మీద మాత్రం కాదు.

ఇంటికొచ్చాక ఊపిరి ఆడకపోతే, మెడ ఉబ్బితే 108కి ఫోన్ చేసి దగ్గర్లోని పెద్ద ఆస్పత్రికి వెళ్లండి. ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లాలని దారిలో సమయం పోగొట్టుకోకండి. కాళ్లూ చేతులూ ఒక్కసారిగా బలహీనపడినా, మూత్రం ఆగిపోయినా అంతే. జ్వరంతో పాటు మింగుతుంటే నొప్పి పెరిగినా, మెడ చర్మం నొక్కితే కరకరమన్నా అన్నవాహికకు చిల్లు పడిందేమో చూడాలి, ఆ రోజే వెళ్లండి. గాయం నుంచి చీము గానీ నీళ్లలాంటి ద్రవం గానీ కారడం, లేచి కూర్చుంటే తలనొప్పి, కొన్ని రోజుల తర్వాత భుజం పైకి ఎత్తలేకపోవడం లాంటివి కనిపిస్తే అదే రోజు సర్జన్‌కు ఫోన్ చేయండి.

ఆ తర్వాతి నెలలు

కృత్రిమ డిస్కు పెట్టింది కదలిక కోసమే కాబట్టి నెలల తరబడి కాలర్ వేసుకుని బిగపట్టుకోవాల్సిన పని సాధారణంగా ఉండదు. ఎన్నాళ్లు, ఏ వ్యాయామం అన్నది సర్జన్ చెప్పినట్టే. డిస్కు చుట్టూ ఎముక పెరిగి కదలిక ఆగిపోవడం కూడా ఒక ఇబ్బంది. అది రాకుండా కొందరు సర్జన్లు రెండు వారాల పాటు వాపు తగ్గించే మాత్రలు ఇస్తారు. నొప్పి లేదని మధ్యలో ఆపకండి. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉంటే ఆ మాత్రలు రాసేటప్పుడే చెప్పండి. మెడికల్ షాపులో ఇంకో నొప్పి మాత్ర కొని కలపకండి.

తల మీద బిందె, కట్టెల మోపు, పత్తి మూట మొదటి మూడు నెలలు అసలు వద్దు, ఆ తర్వాతా సర్జన్ సరేనంటేనే. బరువులు, బైకు, ట్రాక్టరు కూడా అడిగాకే. గనిలో డంపర్ నడిపేవారు, భూగర్భంలో పనిచేసేవారు మీ పని ఎలా ఉంటుందో, కుదుపులు ఎంతో వివరంగా చెప్పి, ఎప్పుడు డ్యూటీకి వెళ్లవచ్చో కాగితం మీద రాయించుకుని మేనేజర్‌కు ఇవ్వండి. క్షవరం అయ్యాక మెడ పట్టుకుని టక్కున విరిచే అలవాటు మన మంగలి షాపుల్లో ఉంది. డిస్కు ఉన్న మెడను ఎవరి చేతా, ఎప్పటికీ అలా విరిపించుకోకండి. నాటు వైద్యం పేరుతో మెడ లాగించుకోవడం కూడా అంతే.

ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి, అక్కడి నుంచి సర్జన్ చెప్పిన గడువుకు ఎక్స్‌రే తీయించుకోవాలి. బాగానే ఉన్నాను కదా అని మానేయకండి. డిస్కు కుంగినా, ముందుకు జరిగినా మొదట్లో నొప్పి లేకపోవచ్చు. నెలల తర్వాత మళ్లీ మింగడం కష్టమైతే, చేతిలోకి నొప్పి తిరిగి దిగితే గడువు రాకముందే వెళ్లండి.

ఇంప్లాంటు డబ్బా మీద ఉండే స్టిక్కరు, అంటే కంపెనీ పేరు, సైజు, బ్యాచ్ నంబరు ఉన్నది, డిశ్చార్జ్ కాగితానికి అంటించమని అడిగి తెచ్చుకోండి. దాన్ని ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో ఇంకో ఇద్దరికి పంపండి. మీ ఫైలు వానకు తడిసినా, పదేళ్లకు ఎక్కడో ఎంఆర్ఐ తీయాల్సి వచ్చినా, ఆ స్టిక్కరు చూసే లోపల ఉన్న లోహం ఏదో, ఆ మెషీన్లో పడుకోవచ్చో లేదో చెబుతారు.